డేటా ఎంట్రీ ఫారం ఎందులో చేసుకోవాలి? ఎక్సెల్, గూగుల్ ఫారమ్స్, యాక్సెస్, కోబో: ఎవరికి ఏది సరిపోతుంది

2.20 అని రాసి ఉన్న ఒక గడి వల్ల మేము మూడు వారాల పని మళ్లీ చేశాం. రెండు తెలుగు రాష్ట్రాల్లో చేసిన రైతు కుటుంబాల సర్వే అది. ఫారంలో "భూమి (ఎకరాల్లో)" అని ఒకే గడి పెట్టాం. తెలంగాణ ఊళ్లలో 2.20 అంటే రెండెకరాల ఇరవై గుంటలు. ఎకరానికి 40 గుంటలు కాబట్టి అది రెండున్నర ఎకరాలు. ఆంధ్రలో అదే 2.20 అంటే రెండెకరాల ఇరవై సెంట్లు. ఎకరానికి 100 సెంట్లు కాబట్టి అది 2.2 ఎకరాలే. జిల్లాను బట్టి సరిచేద్దామంటే ఇంకో చిక్కు వచ్చింది. తెలంగాణలో కొందరు ఎన్యూమరేటర్లు (ఊళ్లకు వెళ్లి అడిగి రాసుకునేవాళ్లు) లెక్క కట్టి 2.5 అని రాశారు, కొందరు రైతు చెప్పినట్టే 2.20 అని ఉంచారు. మరి 2.5 అంటే రెండున్నర ఎకరాలా, రెండెకరాల ఐదు గుంటలా? తర్వాత చెప్పగలిగేవాళ్లు ఎవరూ లేరు. ఫోన్లు చేసి, కొన్ని ఊళ్లకు మళ్లీ వెళ్లి దిద్దుకున్నాం.

ఎకరాలకు ఒక గడి, గుంటలకు 39 దాటనివ్వని ఇంకో గడి పెట్టి ఉంటే ఆ తప్పు పుట్టేదే కాదు. అప్పటి నుంచి ఏ సాఫ్ట్‌వేర్‌లో ఫారం చేయాలన్నా నేను ముందు చూసేది దాని రంగులూ అందమూ కాదు. తప్పు పడుతున్న క్షణంలో అది ఆపగలదా లేదా అన్నదే చూస్తాను. ఈ పోలిక కూడా అలాగే చేస్తున్నాను: మా ఎకరాలు-గుంటల ఫారం ఒక్కో సాఫ్ట్‌వేర్‌లో ఎలా వస్తుందో చూస్తూ.

## ఎంచుకునే ముందు తేల్చుకోవాల్సినవి

మొదటిది, ఎంట్రీ ఎక్కడ జరుగుతుంది? పొలం గట్టున ఫోన్‌లోనా, ఆఫీసులో కాగితాలు ముందు పెట్టుకుని కంప్యూటర్‌లోనా, లేక జవాబు చెప్పేవాళ్లే తమ ఫోన్‌లో నింపుకుంటారా? ఈ ఒక్క ప్రశ్నతోనే సగం సాఫ్ట్‌వేర్లు పక్కకు పోతాయి.

రెండోది అన్నిటికంటే ముఖ్యం, కానీ ఎక్కువ మంది మరిచిపోయేది కూడా ఇదే. మీ డేటాలో ఒకదాని కింద అనేకం ఉన్నాయా? ఒక కుటుంబానికి అయిదుగురు సభ్యులు, ఒక రైతుకు మూడు చోట్ల పొలాలు, ఒక రోగికి పది విజిట్లు. ఇలా ఉంటే మీకు కావాల్సింది ఒక షీట్ కాదు, ఒకదానితో ఒకటి ముడిపడిన రెండు మూడు టేబుళ్లు. దీన్ని మొదట్లో గుర్తించకపోతే "పొలం1, పొలం2, పొలం3" అని కాలమ్‌లు పెంచుకుంటూ పోతాం. నాలుగు పొలాలున్న రైతు ఎదురయ్యే రోజు తప్పకుండా వస్తుంది.

మూడోది, ఎలాంటి నియమాలు కావాలి? సంఖ్య ఇంతకు మించకూడదు, ఈ జవాబు ఇస్తేనే ఆ ప్రశ్న కనిపించాలి, ఒకే ఐడీ రెండుసార్లు పడకూడదు. ఇవి రాసుకోండి. నాలుగోది, వారం తర్వాత తప్పు దొరికితే ఎవరు దిద్దుతారు, దిద్దిన ఆనవాలు ఉండాలా? చివరిది, ఈ ఫారం చేసిన మనిషి ఉద్యోగం మారితే ఇంకొకరు దాన్ని తెరిచి మార్చగలరా?

## ఎక్సెల్ (లేదా గూగుల్ షీట్స్)

అందరి దగ్గరా ఉంటుంది, అందరికీ కొంత వచ్చు. అందుకే చాలామంది ఇక్కడే మొదలుపెడతారు. ఎక్సెల్‌లో "డేటా వ్యాలిడేషన్" ఉంది. గుంటల కాలమ్ ఎంచుకుని, పూర్ణాంకం, 0 నుంచి 39 అని పెడితే 40 కొట్టగానే ఆపుతుంది. మండలం పేరు టైప్ చేయించకుండా డ్రాప్‌డౌన్ ఇవ్వొచ్చు. ఇంకా "ఫారం" అనే బటన్ కూడా ఉంది, కానీ పై మెనూల్లో కనిపించదు. క్విక్ యాక్సెస్ టూల్‌బార్‌కి మనమే చేర్చుకోవాలి. దాన్ని నొక్కితే ఒక్కో రో ఒక చిన్న కిటికీలో తెరుచుకుంటుంది, 32 కాలమ్‌ల వరకు. అడ్డంగా జరుగుతూ టైప్ చేసేటప్పుడు పక్క రోలోకి జారిపోయే తప్పు దీనితో చాలా తగ్గుతుంది.

అసలు బలహీనత వేరే చోట ఉంది. ఎవరైనా కాపీ చేసి పేస్ట్ చేస్తే వ్యాలిడేషన్ ఏమీ అడ్డుకోదు, పైగా ఆ గడిలో మనం పెట్టిన నియమం కూడా చెరిగిపోవచ్చు. ఎంట్రీ చేసేవాళ్లు అలసిపోయిన సాయంత్రం పేస్ట్ చేయకుండా ఉండరు.

ఇంకోటి, ఎక్సెల్ మనం రాసినదాన్ని తనకు తోచినట్టు మార్చేస్తుంది. మన ఊళ్లలో ఇంటి నంబర్లు 3-12, 5-8 అని ఉంటాయి కదా, వాటిని తేదీలుగా మార్చేస్తుంది. 15 అంకెలు దాటిన బ్యాంకు ఖాతా నంబరు కొడితే ఆ తర్వాతి అంకెలన్నీ సున్నాలైపోతాయి. మొదట్లో ఉన్న సున్నా ఎగిరిపోతుంది. ఇది మన ఒక్కరి బాధ కాదు. మానవ జన్యువులకు పేర్లు ఖరారు చేసే అంతర్జాతీయ కమిటీ 2020లో మార్చ్1, సెప్ట్1 లాంటి పేర్లనే మార్చింది, ఎక్సెల్ వాటిని తేదీలు చేస్తోందని. మందు సులభమే: ఎంట్రీ మొదలుకాకముందే ఆ కాలమ్‌లన్నిటినీ "టెక్స్ట్"గా మార్చాలి. తర్వాత మారిస్తే పోయిన అంకెలు తిరిగి రావు.

ఒక రైతుకు అనేక పొలాలు ఉంటే ఎక్సెల్‌లో ఫారం చేయొద్దని నా సలహా. రెండు షీట్లు పెట్టి ఐడీతో కలపొచ్చు, కానీ ఆ ఐడీ తప్పు పడకుండా చూసే బాధ్యత అంతా మనిషి మీదే పడుతుంది. ఒక్కరే కూర్చుని, ఒకే టేబుల్‌లో, వంద రెండొందల కాగితాలు ఎక్కించేటప్పుడు మాత్రం ఎక్సెల్‌కు వంక పెట్టనక్కరలేదు.

## గూగుల్ ఫారమ్స్

జవాబు చెప్పేవాళ్లే నింపుకునే పని అయితే ఇంతకంటే సులువైనది లేదు. లింక్ వాట్సాప్‌లో పంపితే చాలు. ఉగాది కార్యక్రమానికి ఎంతమంది వస్తున్నారు, పిల్లలెంతమంది, ఏ ఊరి నుంచి అని విదేశాల్లోని తెలుగు సంఘాలు అడగాలన్నా, ఇక్కడ అపార్ట్‌మెంట్ వాళ్ల వివరాలు తీసుకోవాలన్నా వేరే దాని జోలికి పోనక్కరలేదు.

సంఖ్యలకు హద్దులు పెట్టొచ్చు. రాష్ట్రం అడిగి, తెలంగాణ అంటే గుంటల సెక్షన్‌కి, ఆంధ్ర అంటే సెంట్ల సెక్షన్‌కి పంపొచ్చు. అంతవరకు మా పరీక్షలో పాసే. కానీ "ఇంకో పొలం ఉందా, అదే ప్రశ్నలు మళ్లీ" అనేది దీనికి రాదు. ఇంటర్నెట్ లేకపోతే పని చేయదు. ఒకటి కంటే ఎక్కువ జవాబులు ఎంచుకునే ప్రశ్నలో జవాబులన్నీ కామాలతో ఒకే గడిలోకి వచ్చి పడతాయి, తర్వాత వాటిని విడదీసుకోవాలి. ఎంట్రీలు మొదలయ్యాక ఆప్షన్‌లో అక్షరదోషం దిద్దితే పాత జవాబులు పాత స్పెల్లింగ్‌తోనే ఉండిపోతాయి. చివరికి "వరి", "వరి పంట" రెండు వేర్వేరు పంటలుగా లెక్కకొస్తాయి.

ఆఫీసులో ఆపరేటర్ కాగితాలు చూసి ఎక్కించడానికి దీన్ని వాడేవాళ్లను చాలామందిని చూశాను. నాకు ఇది నచ్చదు. సబ్మిట్ నొక్కాక, మూడు కాగితాల వెనక చేసిన తప్పు గుర్తొస్తే ఆపరేటర్ సులువుగా వెనక్కి వెళ్లలేరు. ఎడిట్ లింక్ దాచుకుని ఉండాలి, లేదా షీట్‌లో నేరుగా దిద్దాలి. షీట్‌లో దిద్దేటప్పుడు ఫారంలో పెట్టిన హద్దులేవీ పని చేయవు.

## మైక్రోసాఫ్ట్ యాక్సెస్

పాతదని చాలామంది పక్కన పెట్టేశారు. 1992 నుంచి ఉన్న డేటాబేస్ సాఫ్ట్‌వేర్ ఇది. కానీ ఆఫీసులో కూర్చుని కాగితాలు ఎక్కించే పనికి, అందులోనూ ఒకదాని కింద అనేకం ఉండే డేటాకి, దీనంత హాయిగా పనిచేసే ఫారం నాకు ఇంకెక్కడా దొరకలేదు.

కారణం సబ్‌ఫారం. పైన రైతు వివరాలు, కింద అదే తెర మీద ఆ రైతు పొలాల పట్టిక. ఒక్కో వరుసలో సర్వే నంబరు, ఎకరాలు, గుంటలు. పొలం ఒకటున్నా ఏడున్నా అదే ఫారం. రైతు ఐడీ పొలాల టేబుల్‌లోకి దానంతటదే వెళ్తుంది, ఆపరేటర్ రెండోసారి కొట్టక్కరలేదు. కాబట్టి తప్పు పడదు.

రెండో కారణం, నియమాలు ఫారంలోనే కాక టేబుల్‌లోనే పెట్టొచ్చు. టేబుల్‌లో గుంటలు 40 కంటే తక్కువ అని రాస్తే ఫారం నుంచి వచ్చినా, పేస్ట్ చేసినా ఆపుతుంది. ఐడీ కాలమ్‌కి "డూప్లికేట్లు వద్దు" అని పెడితే ఒకే కాగితం రెండుసార్లు ఎక్కదు. ఎక్సెల్‌లో మనిషి జాగ్రత్త మీద ఆధారపడినవన్నీ ఇక్కడ సాఫ్ట్‌వేర్ చూసుకుంటుంది.

మూడోది చిన్నదే కానీ రోజంతా టైప్ చేసేవాళ్లకు పెద్దది: ట్యాబ్ ఆర్డర్. కాగితం మీద ప్రశ్నలు ఏ వరుసలో ఉన్నాయో కర్సర్ అదే వరుసలో దిగాలి. కాగితంలో ఊరు ముందు, తెరపై మండలం ముందు ఉంటే ఆపరేటర్ కన్ను రోజుకు వందలసార్లు పైకీ కిందకీ తిరుగుతుంది, తప్పులు అక్కడే పుడతాయి. యాక్సెస్‌లో ఫారాన్ని అచ్చం కాగితంలాగే అమర్చుకోవచ్చు. ఈ పని మీద ఒక పూట పెట్టండి, ఆపరేటర్‌ను పక్కన కూర్చోబెట్టుకుని చేయండి.

ఇబ్బందులూ ఉన్నాయి. విండోస్‌లో మాత్రమే నడుస్తుంది. కొన్ని ఆఫీస్ ప్యాకేజీల్లో ఇది ఉండదు, కొనేముందు చూసుకోవాలి. ఫైలు 2 జీబీ దాటకూడదు. మామూలు సర్వేకి అది చాలా ఎక్కువే, కానీ ఫొటోలు లోపల పెడితే ఇట్టే నిండిపోతుంది. ఇద్దరు ముగ్గురు ఒకేసారి ఎంట్రీ చేయాలంటే టేబుళ్లను ఒక ఫైలుగా, ఫారాలను ఇంకో ఫైలుగా విడగొట్టి, టేబుళ్ల ఫైలును ఆఫీసు నెట్‌వర్క్‌లో ఉంచాలి. దాన్ని వన్‌డ్రైవ్, డ్రాప్‌బాక్స్ లాంటి సింక్ అయ్యే ఫోల్డర్‌లో పెట్టి అందరూ తెరిస్తే ఫైలు పాడైపోవచ్చు. జిల్లా ఎంచుకోగానే ఆ జిల్లా మండలాలే కనిపించాలంటే కొద్దిగా కోడ్ రాయాలి. నేర్చుకోవడానికి ఒక వారం పెట్టుకోండి.

డబ్బు పెట్టలేనివాళ్లకు, లైనక్స్ వాడేవాళ్లకు లిబ్రేఆఫీస్ బేస్ ఉంది. ఉచితం, సబ్‌ఫారాలు ఇందులోనూ చేయొచ్చు. కానీ చిక్కు వస్తే అడగడానికి తెలిసినవాళ్లు దొరకడం కష్టం. రోజూ బ్యాకప్ తప్పనిసరి.

## కోబోటూల్‌బాక్స్, ఓడీకే

ఊళ్లోకి వెళ్లి ఫోన్‌లో ఎంట్రీ చేసే పనికి నా మొదటి ఓటు వీటికే. ఓడీకే (ఓపెన్ డేటా కిట్) 2008లో వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో మొదలైంది. కోబో హార్వర్డ్‌లోని మానవతా సాయం పరిశోధకుల దగ్గర, ఓడీకే మీద ఆధారపడి పెరిగింది. ఎక్స్‌ఎల్‌ఎస్‌ఫారం అనే పద్ధతిలో ఫారం ఒక ఎక్సెల్ ఫైలుగా రాస్తాం. ఒక షీట్‌లో ప్రశ్నలు, ఇంకో షీట్‌లో ఆప్షన్లు. ఒక కాలమ్‌లో హద్దు, ఒక కాలమ్‌లో "ఈ జవాబు ఇస్తేనే చూపించు" అనే షరతు. మొదటి రోజు భయపెడుతుంది, మూడో రోజుకి చేతికి వస్తుంది. అసలు లాభం అప్పుడు తెలుస్తుంది: ఫారం మొత్తం ఒక మామూలు ఎక్సెల్ ఫైలు కాబట్టి మీరు వెళ్లిపోయినా తర్వాతి మనిషి దాన్ని తెరిచి చదివి మార్చగలరు. కోబోకు రాసిన ఫారం ఓడీకేలో, ఓడీకేకు రాసింది కోబోలో దాదాపు అలాగే నడుస్తుంది.

మా పరీక్షలో ఇది పూర్తిగా పాస్. తెలంగాణ అంటే గుంటలు, ఆంధ్ర అంటే సెంట్లు. పొలాల ప్రశ్నలను "రిపీట్"లో పెడితే ఎన్ని పొలాలుంటే అన్నిసార్లు అడుగుతుంది. జిల్లా, మండలం, ఊరు ఒకదాని వెంట ఒకటి వడపోసుకుంటూ వస్తాయి. ప్రశ్నలు తెలుగులోనూ ఇంగ్లిష్‌లోనూ పక్కపక్కన రాసుకోవచ్చు. ఎన్యూమరేటర్ తెలుగులో చదివి అడుగుతారు, డేటాలో మాత్రం ఒకే కోడ్ పడుతుంది. ఇది నాకు చాలా విలువైనదిగా అనిపిస్తుంది. "మీ ఇంట్లో నిర్ణయాలు ఎవరు తీసుకుంటారు?" అనే ప్రశ్నను ఒక్కొక్కరు ఇంగ్లిష్ చూసి అప్పటికప్పుడు తమ మాటల్లో అడిగితే, పది మంది పది ప్రశ్నలు అడిగినట్టే.

సిగ్నల్ లేకపోయినా పని చేస్తుంది, తర్వాత పంపుకోవచ్చు. జాగ్రత్త పడాల్సింది కూడా అక్కడే. పంపేదాకా డేటా ఆ ఒక్క ఫోన్‌లోనే ఉంటుంది. ఫోన్ పోయినా, యాప్ తీసేసినా ఆ రోజు కష్టం పోతుంది. మా టీమ్‌లో రాత్రి భోజనానికి ముందు అందరి ఫోన్లూ చూసి "పంపినవి ఎన్ని, మిగిలినవి ఎన్ని" అని రాసుకోవడం నియమం. సర్వే మధ్యలో ప్రశ్న పేరు (డేటాలో కాలమ్ పేరుగా వచ్చేది) మార్చకండి, అది కొత్త కాలమ్‌గా మారుతుంది. రిపీట్ డేటా వేరే షీట్‌లో వస్తుంది, దాన్ని అసలు షీట్‌తో కలపడం విశ్లేషణ చేసేవాళ్లు నేర్చుకోవాలి. కోబో ఉచిత ఖాతాకు నెలవారీ పరిమితులున్నాయి, పెద్ద సర్వే అయితే మొదలుపెట్టే ముందు చూసుకోండి.

కాగితాల కట్ట ఎక్కించడానికి ఇది అంత అనువు కాదు. బ్రౌజర్‌లో చేయొచ్చు, కానీ వేగంగా టైప్ చేసే ఆపరేటర్ చేతిని యాక్సెస్ అంత బాగా సాగనివ్వదు.

## వైద్య పరిశోధన అయితే

రెడ్‌క్యాప్ అని ఒకటుంది. వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయంలో 2004లో తయారైంది. ఎవరు ఎప్పుడు ఏ గడి మార్చారో ప్రతిదీ నమోదు చేస్తుంది. ఇద్దరు విడివిడిగా ఎక్కించి సరిపోల్చుకునే ఏర్పాటూ ఉంది. లాభాపేక్ష లేని సంస్థలకు ఉచితం, కానీ సంస్థే ఒప్పందం చేసుకుని తన సర్వర్‌లో నడపాలి. మీ కాలేజీలో ఉంటే రెండో ఆలోచన వద్దు, అదే వాడండి. లేకపోతే థీసిస్ కోసం కాగితాలు ఎక్కించే పీజీ విద్యార్థులకు డెన్మార్క్‌లో తయారైన ఎపిడేటా సరిపోతుంది. చిన్నది, ఉచితం, రెండుసార్లు ఎక్కించి పోల్చడం అందులోనూ ఉంది.

## పక్కపక్కన పెట్టి చూస్తే

| | ఎక్సెల్ | గూగుల్ ఫారమ్స్ | యాక్సెస్ | కోబో / ఓడీకే |
|---|---|---|---|---|
| గుంటలు 39 దాటకుండా ఆపడం | ఆపుతుంది, పేస్ట్ చేస్తే ఆపదు | ఆపుతుంది | టేబుల్ స్థాయిలోనే ఆపుతుంది | ఆపుతుంది |
| ఒక రైతుకు అనేక పొలాలు | కష్టం | కుదరదు | సబ్‌ఫారంతో చాలా బాగా | రిపీట్‌తో బాగా |
| నెట్ లేని చోట | కంప్యూటర్‌లో సరే | కుదరదు | సరే | ఫోన్‌లోనే సరే |
| కాగితాల కట్ట ఎక్కించడం | పర్వాలేదు | ఇబ్బంది | అన్నిటికంటే సుఖం | నెమ్మది |
| తర్వాత దిద్దడం | సులువు, మామూలు ఫైలులో ఆనవాలు ఉండదు | ఇబ్బంది | సులువు | సర్వర్‌లో దిద్దొచ్చు |
| నేర్చుకోవడానికి | ఒక పూట | ఒక గంట | ఒక వారం | మూడు నాలుగు రోజులు |

చివరి వరుస నేను నేర్పినవాళ్లను చూసి రాసింది, మీకు కొంచెం అటూ ఇటూ కావచ్చు.

ఆఫీసు, కాగితాలు, కుటుంబమూ సభ్యులూ అయితే యాక్సెస్. ఊరు, ఫోన్ అయితే కోబో. ఒక టేబుల్, ఒక మనిషి అయితే ఎక్సెల్. సందిగ్ధంలో పడేది చిన్న క్లినిక్‌లు, స్వచ్ఛంద సంస్థలు. డేటా చాలా ఏళ్లు పెరుగుతూ పోతుంది, కంప్యూటర్ తెలిసినవాళ్లు ఒక్కరే ఉంటారు. ఆ ఒక్కరికి యాక్సెస్ వస్తే అందులో చేయించుకోండి, కానీ వాళ్ల చేత ఏ టేబుల్‌లో ఏముందో రెండు పేజీలు తెలుగులో రాయించి పెట్టుకోండి. అలా రాసిచ్చే మనిషి లేకపోతే తక్కువ సౌకర్యం ఉన్నా ఎక్సెల్‌లోనే ఉండటం మంచిది. ఎవరికీ తెరవడం రాని మంచి డేటాబేస్ కంటే అందరూ చదవగలిగే మామూలు షీట్ మేలు.

## ఏది ఎంచుకున్నా

ఫారాన్ని మరీ బిగించకండి. ఫోన్ నంబరు తప్పనిసరి అని పెడితే, ఫోన్ లేని ముసలమ్మ దగ్గర ఎన్యూమరేటర్ ముందుకు వెళ్లలేక 9999999999 కొడతారు. ఖాళీ గడి అయితే ఖాళీ అని తెలుస్తుంది, ఇది నిజమైన జవాబులాగా కూర్చుంటుంది. "తెలియదు", "చెప్పలేదు", "వర్తించదు" అనేవాటికి విడిగా చోటివ్వండి. ఈ మూడూ వేర్వేరు. తెలియదుకి 99 కోడ్ వాడితే వయసు కాలమ్‌లో తొంభై తొమ్మిదేళ్ల తాతలు పుట్టుకొస్తారు.

జిల్లాలు, మండలాల జాబితాను ఫారంలో నేరుగా రాయకుండా వేరే టేబుల్‌లో కోడ్‌లతో ఉంచండి. తెలంగాణలో 2016 అక్టోబరులో 10 జిల్లాలు 31 అయ్యాయి, 2019లో 33. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్‌లో 13 కాస్తా 26 అయ్యాయి. పాత జిల్లా పేర్లతో ఉన్న సర్వేను కొత్త సర్వేతో కలపాల్సి వచ్చినప్పుడు ఊరి కోడ్ ఒక్కటే ఆధారం. కేంద్ర పంచాయతీరాజ్ శాఖ లోకల్ గవర్నమెంట్ డైరెక్టరీలో ఊరూరికీ కోడ్ ఉంది, దాన్నే వాడండి.

ఆధార్ నంబరుకు గడి పెట్టే ముందు అది నిజంగా దేనికో రాసుకోండి. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం ఏ పనికి తీసుకుంటున్నామో చెప్పి, ఆ పనికి అవసరమైనంతే తీసుకోవాలి. "ఎందుకైనా మంచిదని" తీసుకునే గడులు తీసేయండి.

ఫారం పూర్తయిందనిపించాక పది కాగితాలు తీసుకోండి. సులువైనవి కాదు, చిక్కువి: ఏడు పొలాలున్న రైతు, భూమే లేని కూలీ, పుట్టిన తేదీ తెలియని అవ్వ, ఒకే పేరున్న అన్నదమ్ములు, కౌలుకు ఇచ్చి కౌలుకు తీసుకున్న మనిషి. ఫారం చేసినవాళ్లు కాకుండా, రేపు ఎంట్రీ చేయబోయే మనిషి చేత ఎక్కించండి. పక్కన కూర్చోండి, ఏమీ చెప్పకండి. వాళ్ల చెయ్యి ఎక్కడ ఆగిందో ఆ ప్రశ్న నంబరు రాసుకోండి. మర్నాడు మార్చాల్సింది ఆ గడులే.